బాబాయి పూడ్చిన పగులు

ఆ ఉదయం భూగర్భ శాస్త్రవేత్త వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఆసుపత్రి కట్టించే కమిటీని కందకంలోకి దింపాలి, గోడలో పగులు చూపించాలి, కొత్త ఆసుపత్రిని అక్కడి నుంచి తప్పించాలి. ఎప్పుడో వేల ఏళ్ల కిందట భూకంపానికి నేల విరిగి, ఒక పక్క మెట్టులా లేచిపోయిన చోటది. ఆ మెట్టుకు అడ్డంగా ఆమె కందకం తవ్వించింది. సోమవారం పునాదులు మొదలవుతాయి. ఆపడానికి ఆ పగులు తప్ప ఆమె దగ్గర వేరే సాక్ష్యం లేదు.

కందకం గోడలు నున్నగా చెక్కడానికి తాపీమేస్త్రి అయిన బాబాయిని పిలిపించుకుంది. కమిటీని తీసుకురావడానికి ఏడింటికే కారెక్కుతూ, "బాబాయ్, ఆ పగులు కాస్త జాగ్రత్తగా చూసుకో" అంది. నలభై ఏళ్లుగా గోడలు కడుతున్న మనిషికి ఆ మాటకు ఒకటే అర్థం.

ఆయన చూసుకున్నాడు. ముందు పగులు పూడ్చాడు. అతుకు ఎబ్బెట్టుగా కనబడింది. సరే, మొత్తం మెత్తేద్దామనుకున్నాడు. మట్టిగోడకు సిమెంటు ఆగదని తీగజాలీ బిగించి, తొందరగా గట్టిపడే రకం తెచ్చి పైనుంచి కింది దాకా మెత్తాడు. పొరపొరకూ ఆమె గుర్తుగా గుచ్చిన రంగుజెండాలు అడ్డొస్తే పీకి, పోకుండా డబ్బాలో దాచాడు.

పదింటికి ముగ్గురు సభ్యులతో కందకంలోకి దిగిన ఆమెకు కాళ్ల కింద భూమి నిజంగానే కదిలినట్టయింది.

"ఇదేంటి బాబాయ్?"

"నువ్వే చెప్పావుగా అమ్మాయ్. పగులు ఎక్కడుందో ఇప్పుడు వెతికినా దొరకదు."

కమిటీ అధ్యక్షుడు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "గోడ బాగుందమ్మా. భూకంపం ఎక్కడ?"

"లోపల ఉందండీ, ఒక్క నిమిషం" అంటూ ఆమె చెమటలు కక్కుతూ ఉలి అందుకుని గోడ అంచున దింపింది.

"వద్దమ్మాయ్, పనంతా పాడైపోతుంది" అని బాబాయి ఉలి పట్టుకున్నాడు. ఆమె లాగింది. ఆయనా లాగాడు. జాలీలో ఇరుక్కున్న ఉలితో పాటు మెత్తిందంతా చాపలా ఊడి, తాపీగా వాలి, అధ్యక్షుడి బూట్ల ముందు బోర్లా పడింది.

దాని వీపున మట్టి పొరలన్నీ అచ్చు గుద్దినట్టు అంటుకుని ఉన్నాయి. నల్లటి బొగ్గు పొర ఒకటి పగులు దగ్గర తెగి, మూరెడు కిందకు జారి మళ్లీ మొదలైంది. పది రోజులుగా బ్రష్షుతో గీకినా ఆమెకు అంత స్పష్టంగా కనిపించలేదు.

అధ్యక్షుడు వంగి, తెగిన పొర మీద వేలితో గీత గీసి చూశాడు. "ఇక్కడ కట్టకూడదు" అన్నాడు. "ఆసుపత్రిని రోడ్డు అవతలికి మారుద్దాం. ఈ పలక మా ఆఫీసుకు పంపండి."

ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసి రాగా, మట్టిచేతులతోనే బాబాయిని వాటేసుకుంది. "ఈ పద్ధతి కనిపెట్టింది నువ్వేనని రిపోర్టులో రాస్తాను బాబాయ్."

బాబాయి ముఖం మాత్రం విచ్చుకోలేదు. పేరు రాస్తే రాయి గానీ, మామూలుగా తను మెత్తింది ఊడదని కింద ఒక ముక్క చేర్చమన్నాడు.