లైట్ల గురించి చెప్పవద్దు

ఉదయం పదింటికి అత్తగారికి డ్రైవింగ్ టెస్టు. ఇది మూడోసారి. ఆవిడ పాసవ్వాలని ఆవిడకంటే అల్లుడే ఎక్కువ ఆశపడుతున్నాడు. పాసైతే కంటి డాక్టరు దగ్గరికీ, చెల్లెలింటికీ ఆవిడే వెళ్తారు. పాపం, ఆవిణ్ణి తిప్పడంతోనే సరిపోయి, అతను ఆదివారం మధ్యాహ్నం కునుకు తీసి రెండేళ్లయింది.

అతనిది కొత్త కారు. ఇంజను ఆన్ చేయగానే ముందు రెండు సన్నని తెల్ల లైట్లు వాటంతటవే వెలుగుతాయి. పగటిపూట ఎదుటివాళ్లకు కారు కనపడాలని పెట్టినవి. ఈ సంగతి చట్టానికి తెలుసు, అల్లుడికి తెలుసు. ఊళ్లో మిగతావాళ్లకు తెలియదు. ఎదురొచ్చే ప్రతివాడూ గుప్పిట మూసి తెరుస్తూ లైటు ఆర్పమని సైగ చేస్తాడు. అల్లుడు కారు ఆపి మరీ ఒక్కొక్కరికీ వివరిస్తాడు. రెండోసారి టెస్టు తప్పింది ఆ వివరణల వల్లే. వీళ్లు చేరేసరికి టెస్టు మైదానం గేటు మూసేశారు.

అందుకని ఈసారి ముందు అద్దం మూలకు ఒక కాగితం అంటించాడు. 'ఇవి పగటి లైట్లు. చట్టప్రకారమే వెలుగుతున్నాయి. లైట్ల గురించి ఎవరూ చెప్పవద్దు.'

వంతెన మీద పొగమంచు కమ్మేసింది. అల్లుడు ముందూ వెనకా ఫాగ్ లైట్లు వేశాడు. అది సరైన పనే. వంతెన దాటాక పొగమంచు పోయింది, ఎండ వచ్చింది. ఫాగ్ లైట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

వెనక నుంచి పాల వ్యాను హారన్ మోగించింది.

"వెనకవాళ్లకి కాగితం కనపడట్లేదు," అన్నాడు అల్లుడు. సిగ్నల్ దగ్గర రెండో కాగితం రాసి, అత్తగారిని వెనక సీట్లో కూర్చోబెట్టి, వెనక అద్దానికి ఆనించి పట్టుకోమన్నాడు.

"అది కాదు బాబూ, వెనక లైటు..."

"కాగితం మీద ఏం రాసుందండీ?"

"ఎవరూ చెప్పవద్దని."

"ఎవరూ అంటే మనవాళ్లు కూడానండీ."

ఆవిడ కాగితాన్ని అద్దానికి ఆనించి పట్టుకున్నారు.

వెనకవాళ్లకు ఎర్ర లైటు కళ్లలో కొట్టి ఒక్క అక్షరమూ కనపడలేదు. ఎవరో పెద్దావిడ కారులోంచి కాగితం చూపిస్తున్నారు. సాయం చేయమనే అయ్యుంటుందనుకున్నారు. పాల వ్యాను వదలకుండా వెంటపడింది. దాని వెనక పెయింటర్ల జీపు, ఒక నర్సు స్కూటరు, ఖాళీ స్కూలు బస్సు చేరాయి. పదికి అయిదు నిమిషాలుండగా అందరూ కలిసి టెస్టు మైదానంలోకి దిగారు.

"పెద్దావిణ్ణి ఎత్తుకుపోతున్నాడు సార్!" అని అరిచాడు పాల వ్యాను డ్రైవరు.

"ఆవిడ మా అత్తగారండీ!" అన్నాడు అల్లుడు.

దాంతో జనానికి అనుమానం ఇంకా బలపడింది.

టెస్టు చేసే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముందు లైట్లు చూసి తలూపాడు. వెనక్కి వెళ్లి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"టెస్టుకొచ్చింది మీరేనామ్మా? ఈ కారులో తప్పేంటో చెప్పండి."

"పొగమంచు పోయాక ఫాగ్ లైట్లు ఆర్పెయ్యాలండి. వెనకది మరీనూ. వెనకొచ్చేవాళ్ల కళ్లు పోతాయి."

"ఇంత తెలిసి ఆయనకి చెప్పలేదేం?"

"చెప్పొద్దని రాసిచ్చారండి," అని కాగితం చూపించారు.

ఇన్‌స్పెక్టరు దాన్ని రెండుసార్లు చదివాడు. ఆవిడ టెస్టు కోసం పాతిన ఒక్క కర్రనూ తాకకుండా కారును మైదానమంతా తిప్పి పాసయ్యారు. అల్లుడికి కళ్లనీళ్లు వచ్చాయి. ఆదివారం కునుకు అతని కళ్ల ముందు కదిలింది.

"ఇప్పుడు మీ లైసెన్సు చూపించండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

దాని గడువు తీరి పద్నాలుగు నెలలైంది. చట్టమంతా కంఠతా పట్టిన మనిషి ఆ ఒక్క తేదీ చదవలేదు. మళ్లీ టెస్టుకు రావాలి. అంతవరకు స్టీరింగు ముట్టకూడదు.

ఇప్పుడు రోజూ అత్తగారే అతన్ని ఆఫీసులో దింపుతున్నారు. మూడు టెస్టుల అనుభవం ఉంది కాబట్టి, ఆదివారం మధ్యాహ్నాలు అతనికి టెస్టులో ఏమేం అడుగుతారో ఆవిడే చెబుతున్నారు.

నిన్న మలుపు తిరిగాక రెండు కిలోమీటర్లు ఇండికేటరు కొట్టుకుంటూనే ఉంది. అల్లుడు నోరు తెరిచాడు. రెండో కాగితం ఇప్పుడు డాష్‌బోర్డు మీద, సరిగ్గా అతని ఎదుట అంటించి ఉంది.

అతను దాన్ని ఒకసారి చదువుకుని, కిటికీలోంచి బయటికి చూశాడు.