ప్రొపెల్లర్‌కు కట్టిన ఎర్ర తువ్వాలు

ఆ ఉదయం కొండయ్య తన భార్య శ్యామలమ్మను మార్కాపురం కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలనుకున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా ఇంటి మీదుగా ఒక చిన్న విమానం పోయింది. ఇరవై ఏళ్లు వాయుసేనలో ఇంజన్ మెకానిక్‌గా పనిచేసిన చెవి ఆయనది. గుండీ మీద చెయ్యి ఆగిపోయింది.

"ఇంజన్ అదురుతాంది. దిగిపోతాది చూడు," అన్నాడు.

"పది గంటల బస్సు కూడా పోతాది చూడు," అంది శ్యామలమ్మ.

విమానం నిజంగానే వాళ్ల ఊరు దొనకొండ శివారులో, ఇంగ్లీషువాళ్ల కాలంనాటి పాత రన్‌వే మీద దిగింది. కొండయ్య వెళ్లేసరికి దాని పక్కన ఒకమ్మాయి నిలబడి ఉంది. పేరు యామిని. విమానం నడపడం నేర్చుకుంటోంది. ఒంటరిగా ఎగరడం ఇది మూడోసారి.

"ముందు వైపు నుంచి ఒకటే అదురు అంకుల్. చేతులు తిమ్మిరెక్కినాయి," అంది.

కొండయ్య ఇంజన్ మూత తెరిచి, వైర్లు తడిమి, ఒక ప్లగ్గు దగ్గర ఆయిలు చెమ్మ చూసి తల పంకించాడు. "ప్లగ్గే పాపా. తుడిచి పెడితే రెండు గంటల్లో ఎగిరిపోవచ్చు." అదే మాట ఫ్లయింగ్ స్కూలు ఇంజనీరుకూ ఫోనులో చెప్పాడు. ఆయన కారులో బయలుదేరాడు.

విమానాల కబుర్లు చెబితే ఇన్నేళ్లూ ఆవులించిన ఊరంతా ఇప్పుడు చుట్టూ మూగింది. కొండయ్య భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి ప్రొపెల్లర్‌కు కట్టి, గంభీరంగా హెచ్చరించాడు.

"దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. చేత్తో తిప్పినా ఒక్కోసారి ఇంజన్ అందుకుంటాది. తల తెగిపోతాది."

అని పానా కోసం ఇంటికి పోయాడు. ముందు వరసవాళ్లు ఆ మాట సరిగానే విన్నారు. వెనక వరసకు చేరేసరికి ఎర్రగుడ్డ, ముట్టుకోకూడనిది, తల తీసేది అనే మూడు ముక్కలే మిగిలాయి.

గంటకు కొండయ్య పానాతో తిరిగొచ్చాడు. ప్రొపెల్లర్ నిండా పసుపునీళ్లు. కింద వేపకొమ్మలు. యామిని నుదుట రూపాయంత బొట్టు. గొర్రెల కాపరి యల్లయ్య ఒక పొట్టేలును పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది రంగమ్మత్తా ఇది?"

"ముట్టుకోలేదు నాయనా, దూరం నుంచే చల్లినాం," అంది రంగమ్మ. ఊళ్లో జాతర ఏదైనా ముందుండేది ఆమే.

"ఇది అమ్మోరు కాదు, ప్రొపెల్లర్!"

"పేరు ఏదైతే ఏం లే. ఆడబిడ్డను కిందికి దించి కాపాడింది గదా."

"ఆ ఎర్రగుడ్డ కట్టింది నేనే!"

"మిలటరీలో చేసినోడివి, తెలీకుండా కడతావా," అంటూ యల్లయ్య దండం పెట్టాడు.

ఇంజనీరు వచ్చేలోగా రన్‌వే మీద నెత్తురు పడకుండా చూడాలి. కొండయ్య చాలాసేపు బతిమాలాడు. చివరికి పొట్టేలు ఇంటికి పోయేట్టు, దానికి బదులు ఒక్క టెంకాయ కొట్టేట్టు ఒప్పందం కుదిరింది. ఎక్కడ కొట్టాలో మాత్రం చెప్పడం మరిచాడు. ఆయన పొట్టేలును సాగనంపుతుండగా వెనక 'ఠంగు'మని మోగింది. రంగమ్మ టెంకాయ దెబ్బకు ప్రొపెల్లర్ మధ్యనుండే లోహపు టోపీ గిన్నెలాగా లోపలికి సొట్టపోయింది.

అదే క్షణంలో కారు వచ్చి ఆగింది.

ఇంజనీరు సొట్టను చూశాడు, పసుపును చూశాడు, కొండయ్యను చూశాడు. ఆ చూపుకు కొండయ్య సర్వీసంతా మట్టిలో కలిసినట్టయింది.

"టోపీ విప్పకుండా ఎగరనివ్వలేం," అని మాత్రం అన్నాడు ఇంజనీరు.

టోపీ ఊడదీశాక ఆయన దగ్గరికి వంగి వేలితో తడిమాడు. ప్రొపెల్లర్‌ను ఇంజన్‌కు బిగించే బోల్టుల్లో ఒకదాని పక్కనుంచి దాని రెక్క మొదలు దాకా సన్నని పగులు, వెంట్రుకలాగా. అదురు ప్లగ్గుది కాదు.

"ఇట్లనే లేచుంటే?" అంది యామిని.

"గాల్లో రెక్క ఊడేది."

కొండయ్య నేల మీద కూర్చుండిపోయాడు. రెండు గంటల్లో ఎగిరిపోవచ్చన్నది తనే. ఆ పిల్ల ముఖం చూడలేకపోయాడు. యామినే వచ్చి పక్కన కూర్చుని, ఊరివాళ్లు తనకిచ్చిన మజ్జిగలో మిగిలిన గ్లాసు ఆయన చేతిలో పెట్టింది.

ఇంజనీరు రిపోర్టు రాసి, ఫారం ఆయన ముందుకు జరిపాడు. "లోపం కనిపెట్టినవారు అన్నచోట మీరు సంతకం పెట్టండి సార్. మీ సర్వీసుకు విలువుంటుంది."

కొండయ్య పెన్ను అందుకున్నాడు. చూడని దానికి చూశానని ఆయన ఏనాడూ సంతకం పెట్టలేదు. పెన్ను తిరిగి ఇచ్చేసి, గుంపు వైపు తిరిగి పిలిచాడు.

రంగమ్మకు రాయడం రాదు కనుక, ఆ గడిలో పసుపు వేలిముద్ర పడింది.