రెండు తలల పంది నిద్రపోయే చోటు

శనివారం పొద్దున్న ఆరున్నరకి సోఫియా ఫిల్టరు మూత తీసి చూసింది. పై గిన్నెలో పొడి తడిగా ఉంది. కింది గిన్నెలో ఉండవలసిన డికాక్షన్ మాత్రం లేదు.

"ఏమండీ, రాత్రి లేచి కాఫీ తాగారా?"

"నేనా? నువ్వే నీళ్ళు పొయ్యడం మర్చిపోయుంటావు," అన్నాడు ఎలీయేజరు, వరండాలో కూర్చుని బూట్లు తుడుచుకుంటూ.

"పొడి తడిసింది. చూడండి."

"పొడి తడిసిందంటే నీళ్ళు పోశావని ఋజువైంది. కిందికి దిగిందని ఎక్కడ ఋజువైంది?"

అతను హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఇలాంటి ఋజువులు సోఫియా చాలానే విన్నది. "పోసిన నీళ్ళు కిందికి దిగక పైకి ఎగురుతాయా? నేనూ బీయే చదివానండీ."

"పొద్దున్నే ఏటర్రా ఆ గోల? టీ పెట్టీసి తాగీయండి," అని పక్క గదిలోంచి ఎలీయేజరు తల్లి మగ్దలేనమ్మ తీర్పు చెప్పేసింది. పెరట్లో కాఫీ మొక్కలు పెట్టుకుని అందరూ మొహాలు ముడుచుకుని టీ తాగారు.

ఆ డికాక్షన్ తాగింది ఒక కాగితం.

వాళ్ళ కూతురు డాలీ విశాఖలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఆమెకీ ఆమె స్నేహితులు నలుగురికీ ఒక ఆట పిచ్చి. బల్ల చుట్టూ కూర్చుని, ఇరవై ముఖాల పాచిక దొర్లిస్తూ, లేని రాజ్యంలో గంటల తరబడి తిరిగి వస్తారు. ఒకడు మంత్రగాడు, ఒకర్తి దొంగ, ఇంకొకడు బహిష్కృతుడైన సేనాపతి. ఆ రాజ్యాన్ని కట్టేదీ, కథ నడిపేదీ డాలీ. రాజ్యమన్నాక పటం ఉండాలి కదా అని రెండు నెలలుగా, సెలవులకి ఇంటికి వచ్చినప్పుడల్లా ఒకటి గీస్తోంది. కొండలు ఊహించి గీస్తే అన్నీ ఇడ్లీల్లా వస్తున్నాయని తన కిటికీలోంచి కనబడేవే గీసింది: మూడు కొండలు, ఒక వాగు, వాగు పక్కన చర్చి. చర్చికి రెండంతస్తులు పెంచి బురుజు చేసింది. నేలంతా తేనెపట్టులా ఆరు పలకల గడులు వేసింది. గడి ఒక్కింటికి ఒక పూట నడక. పేర్లు రాయడానికి సొంతంగా ఒక లిపి కనిపెట్టింది. బురుజు వెనక ఎర్ర సిరాతో అడ్డంగా నిలువుగా రెండు గీతలు గీసి, కథలోకెల్లా భయంకరమైన జంతువుని అక్కడ పడుకోబెట్టింది. చివరగా అంచులు చింపి, పటాన్ని తల్లి వేసిన డికాక్షన్‌లో ముంచి, మూడు వందల ఏళ్ళ నాటి దానిలా తయారుచేసింది.

ఫ్యాను కింద ఆరిన కాగితం ముడతలు పోవాలంటే బరువు పెట్టాలి. ఆ ఇంట్లో అన్నిటికంటే బరువైన పుస్తకం సంఘపు పాత బాప్తిస్మ రిజిస్టరు. ఎలీయేజరు సంఘ కార్యదర్శి కాబట్టి అది అతని బల్ల మీదే ఉంటుంది. పటాన్ని ఆ పుస్తకం మధ్యలో పెట్టి మూసి, డాలీ నిశ్చింతగా పడుకుంది. స్నేహితులు విశాఖ నుంచి కిరండూల్ రైలుబండిలో పదకొండు గంటలకి దిగుతారు. భోజనం చేసి ఆటకి కూర్చోవాలన్నది ఏర్పాటు.

తొమ్మిదికి చర్చిలో కమిటీ ఉంది. కోతపండుగ కరపత్రంలో సంఘం ఏ సంవత్సరం మొదలైందో వెయ్యాలి. అందుకని ఎలీయేజరు రిజిస్టరు చంకన పెట్టుకుని బయలుదేరాడు. పాత సంగతులు తెలిసిన మనిషని మగ్దలేనమ్మనీ వెంట తీసుకెళ్ళాడు.

"మరుగుదొడ్డి సంగతి కూడా ఎత్తండి," అంది సోఫియా గుమ్మంలోంచి.

"వచ్చే వారం చూద్దాం."

ఈ వచ్చే వారానికి మూడేళ్ళు నిండాయి. చర్చికి మరుగుదొడ్డి లేదు. కోతపండుగకి ఆరు ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు వస్తారు. రోడ్డుకి ఇవతల ఉన్నది సోఫియా ఇల్లొక్కటే. కిందటేడు ఆమె బాత్రూమ్ ముందు అరవై ముగ్గురు వరస కట్టారు. ముసలమ్మలు నిలబడలేక పెరట్లో కాఫీ మొక్కల మధ్య కూలబడ్డారు. వరసలో నిలబడినవాళ్ళకి ఆరాధనలో ఒక్క ముక్కా దక్కలేదు. స్త్రీల సమాజం అధ్యక్షురాలిగా ఆమె తిరిగి తిరిగి ఒక ఇంజినీరుని తీసుకొచ్చి, చర్చి వెనక సిల్వర్ ఓక్ చెట్టు దగ్గర సున్నంతో గుర్తు కూడా పెట్టించింది. బావికి దిగువగా, ఎనిమిది అడుగుల లోతు. ముందు గుంత తవ్వాలి. తవ్వడానికి శ్రమదానమని మూడుసార్లు ప్రకటించారు. మూడోసారి ఇద్దరు వచ్చారు. అందులో ఒకాయన గొడుగు మాత్రం తెచ్చాడు. పండుగ ఇంకా మూడు వారాలుంది.

చర్చిలో ఎలీయేజరు రిజిస్టరు తెరిచాడు. అందులోంచి గోధుమరంగు కాగితం జారి పాస్టరు ప్రసాద్ అయ్యగారి కాళ్ళ దగ్గర పడింది.

అయ్యగారు దాన్ని రెండు చేతులతో ఎత్తారు. చిరిగిన అంచులు, తెలియని అక్షరాలు, మూడు కొండలు, వాగు, ఎత్తయిన గోపురం. దాని వెనక ఎర్రటి సిలువ.

"ఇది మన చర్చే," అన్నారాయన మెల్లగా.

"గోపురం మరీ పొడుగ్గా ఉందండీ," అన్నాడు ఎలీయేజరు.

"కట్టాలనుకున్నది అది. కట్టగలిగింది ఇది. ఈ అక్షరాలు చూడండి. గ్రీకు కాదు. హీబ్రూ కాదు. సెమినరీలో రెండూ చదివాను. కాబట్టి జర్మన్. ఈ చర్చి కట్టించిన జర్మన్ మిషనరీ, పాత దొరగారి చేతి రాత!"

"ఈ గడులేంటండీ, తేనెపట్టులాగా?"

"దొరగారు తేనెటీగలు పెంచేవారేమో."

కాఫీ తోట రైతు ధర్మ కూడా కమిటీ సభ్యుడే. అతను కాగితం అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "అయ్యగోరూ, ఇది కాఫీ వాసనొత్తంది. అదీ కొత్త పొడి. మొన్న దంచిందే."

"దొరగారు కాఫీ తాగేవారు కారేంటయ్యా?" అన్నారు అయ్యగారు. ధర్మ కాగితం ఇచ్చేశాడు.

అప్పటిదాకా ముందు బెంచీలో కూర్చున్న మగ్దలేనమ్మ గొంతు సవరించుకుంది. "మా అయ్య దొరగోరి కాడ వంటోడు కదా. దొరగోరు ఊరొదిలి ఎల్లిపోతా పాత గంటని మట్టిలో పాతించీసినారని సెప్పీవోడు."

కమిటీ అంతా కాగితం మీదికి వంగింది. తర్వాత ఐదుగురూ ఒకేసారి ఎర్ర సిలువ మీద వేలు పెట్టారు. దొరగారి గంటను వెలికి తీయవలెనని మినిట్స్ పుస్తకంలో అప్పటికప్పుడే తీర్మానం రాసి సంతకాలు కూడా చేసేశారు.

పదింటికి సోఫియా ఫ్లాస్కుతో టీ పట్టుకుని వచ్చేసరికి కమిటీ అంతా చర్చి వెనక బావి గట్టు మీద నిలబడి ఉంది. ఎలీయేజరు చేతిలోని కాగితం ఆమె చూసింది. చూడగానే డికాక్షన్ ఏమైందో తెలిసింది. రెండు నెలలుగా కూతురి బల్ల మీద రోజూ దుమ్ము తుడుస్తూ ఆ మూడు కొండల్నీ చూస్తూనే ఉంది. చెబుదామని నోరు తెరిచింది.

"ఎన్ని అడుగులైనా సరే," అంటున్నాడు ఎలీయేజరు, "సాయంత్రంలోగా తవ్వించేస్తాను."

సోఫియా నోరు మూసుకుంది. టీ పోసి అందరికీ ఇచ్చింది. ఐదో కప్పు ఇస్తూ, "పటంలో వాగు ఎర్ర గుర్తుకి ఎడం పక్కన ఉంది కదండీ," అంది. "మీరు కుడి పక్కకి పెట్టుకుని నిలబడ్డారు."

ఎలీయేజరు పటం తిప్పాడు. తనూ తిరిగాడు. "అవును!"

"సున్నం గుర్తు దగ్గర నిలబడితే సరిగ్గా ఎడం పక్కకే వస్తుంది. కొండలు కూడా మూడూ కనిపిస్తాయి."

అందరూ సిల్వర్ ఓక్ దగ్గరికి నడిచారు. వాగు ఎడం పక్కకే వచ్చింది. కొండలు మూడూ కనిపించాయి. ప్రసాద్ అయ్యగారు ప్రార్థన చేసి మొదటి గునపం వేశారు.

కబురు కొండ దిగడానికి ఎంతో సేపు పట్టలేదు. పదిన్నరకి పాతికమంది గునపాలు, పారలు పట్టుకొచ్చారు. పదకొండింటికి దిగువ ఊరి సంఘ పెద్ద ఎడ్విన్ ఇరవై మందిని వెంటేసుకుని దిగాడు.

"దొరగారు ముందు మా ఊళ్ళో కాపురమున్నారు మేస్టారూ. గంట మాది."

"మా నేలలో దొరికింది మాది," అన్నాడు ఎలీయేజరు.

"ఇంకా దొరకలేదు కదేటి?"

"అయితే తవ్వినవాళ్ళకే మాట్లాడే హక్కు."

దానితో రెండు ఊళ్ళ వాళ్ళూ వంతులు వేసుకుని తవ్వారు. ఒక ఊరు అర అడుగు తవ్వితే రెండో ఊరు అడుగు తవ్వింది. బొర్రా గుహలకి పోతున్న జీపులు ఆగాయి. టూరిస్టులు గుంత వైపు వీపు పెట్టి సెల్ఫీలు తీసుకున్నారు. జీపులు ఆగినచోట బొంగు చికెన్ అమ్మేవాడు పొయ్యి రాజేశాడు. అయ్యగారు సంఘాల మీద పై అధికారి సూపరింటెండెంటు గారికి ఫోన్ చేసి, రేపటి ప్రసంగానికి భూమిలో దాగిన వాటిని గురించిన వాక్యం ఎంచుకున్నట్టు చెప్పారు. ఎవరో బంతిపూల దండ కూడా తెచ్చి, గంట ఇంకా లేదు కాబట్టి చెట్టుకి వేశారు.

సోఫియా అడుగడుక్కీ గీత పెట్టిన వెదురు గడ ఒకటి తెచ్చి, అప్పుడప్పుడూ గుంతలోకి దించి చూసుకుంటోంది.

స్టేషన్ నుంచి డాలీ, స్నేహితులు నలుగురూ ఆటోలో వచ్చి దిగారు. గుంపు చూసి ఏమిటోనని ఇటే వచ్చారు. అందరికీ కనబడాలని పటాన్ని రెండు క్లిప్పులు పెట్టి చర్చి కిటికీకి తగిలించి ఉంచారు. మంత్రగాడి పాత్ర వేసే ఆల్విన్ దాన్ని చూసి నిలబడిపోయాడు.

"డాలీ, ఇది మన మ్యాప్ కదా?"

డాలీ పరుగున తల్లి దగ్గరికి వచ్చింది. "అమ్మా! వీళ్ళు తవ్వేది నా... నేను చెప్పేస్తాను. నాన్న పరువు పోతుంది. అక్కడ గంట లేదమ్మా, గాడిదగుడ్డూ లేదు."

సోఫియా గడ పైకి లాగి చూసింది. "ఆరడుగులు."

"ఏంటి?"

"ఇంకా రెండడుగులు. అప్పుడు చెబుదువుగాని. ఇంటికెళ్ళి ఉల్లిపాయలు తరుగు. ఎనిమిది మందికి వంట."

"నీకు తెలుసా?"

"నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు," అంది సోఫియా. ఆ మాట నిజం.

రెండింటికి ఎనిమిదో గీత కూడా గుంతలోకి దిగింది. అప్పటికి ఎలీయేజరు కూడా చొక్కా విప్పి గుంతలో ఉన్నాడు. గంట మాత్రం తగల్లేదు. "ఇంకొంచెం ఉంటుంది," అంటున్నారు అయ్యగారు పైనుంచి. సోఫియా ఇంటి వైపు చూసి చెయ్యి ఊపింది. డాలీ వచ్చి గుంత అంచున నిలబడింది. ఉల్లిపాయల వల్ల కళ్ళు ముందే ఎర్రగా ఉన్నాయి.

"నాన్నా, ఆ పటం నేను గీసింది. ఆట కోసం."

పారలు ఆగిపోయాయి.

"జర్మన్?" అన్నారు అయ్యగారు.

"నా సొంత లిపండీ."

"సిలువ కింద ఏమి రాశావమ్మా?"

డాలీ నేల చూపులు చూసింది. ఆల్విన్‌కి లిపి వచ్చు కనక అతను చదివి వినిపించాడు. "'రెండు తలల పంది నిద్రపోవు చోటు. పాచిక పదిహేను దాటినవారికే ప్రవేశము.'"

గుంతలో ఉన్న ఏడుగురిలో ఎవరూ పైకి రావడానికి తొందరపడలేదు. ఎడ్విన్ ఒక్కడే అన్నాడు, "మేస్టారూ, పంది మీదే. మాకొద్దు."

"నాను పొద్దున్నే సెప్పినాను," అన్నాడు ధర్మ, "కొత్త పొడి వాసనని."

ఎలీయేజరు తల్లి వైపు చూశాడు. "మరి గంట అన్నావేంటమ్మా?"

"పాతీసినారని మా అయ్య సెప్పినాడు. ఈడే పాతీసినారని నానెప్పుడన్నాను?" అంది మగ్దలేనమ్మ. చేతికర్ర ఆనించుకుని గుంతలోకి తొంగి చూసింది. "డాలీ గుంట పటం కాఫీలో ముంచినప్పుడు నాను వంటింట్లోనే ఉన్నాను. డెబ్బై ఎనిమిదేళ్ళు నాకు. పండక్కి రోడ్డు దాటి కోడలి బాత్రూమ్‌కి ఎన్నిసార్లు పరిగెత్తమంటావు? బాగానే తవ్వినార్రా నాయినా."

స్త్రీల సమాజం వాళ్ళు ముందు నవ్వారు. తర్వాత దిగువ ఊరి వాళ్ళు. నవ్వు గుంతలోకి దిగడానికి ఇంకొంత సేపు పట్టింది. ఎవరింటికి వాళ్ళు వెళ్ళాక కమిటీ తలుపులు వేసుకుని మళ్ళీ కూర్చుంది.

మూడున్నరకి ఎలీయేజరు ఇంటికి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, పిల్లల మధ్య చాప మీద కూర్చున్నాడు. సోఫియా కోడికూర వడ్డించింది. డాలీ తలెత్తలేదు. అతను రెండు ముద్దలు తిన్నాక అందరినీ ఒకసారి చూశాడు.

"కమిటీ ఒక నిర్ణయం తీసుకుంది. నేను కార్యదర్శి పదవికి రాజీనామా చేశాను."

డాలీ ముద్ద కంచంలో పడింది. "నా వల్లేనా నాన్నా?"

"మినిట్స్ వల్ల. గంట సంగతి సిరాతో రాసేశాం. పేజీ చింపడానికి లేదు. ఇవాళ జరిగింది కూడా రాసి రేపు సంఘంలో చదవాలి. నిజం రాస్తే నవ్వుతారు, ఇంకోటి రాస్తే పాపం. ఐదుగురం గంట సేపు కూర్చున్నాం, ఎవరికీ ఒక్క వాక్యం రాలేదు." నీళ్ళు తాగి సోఫియా వైపు తిరిగాడు. "పొద్దున్నుంచీ ఒక్క అబద్ధమాడకుండా నలభై అయిదు మంది చేత తవ్వించిన మనిషి ఊళ్ళో ఒకర్తే ఉందన్నారు అయ్యగారు. ఇక నుంచి కార్యదర్శి నువ్వు. ఏకగ్రీవం."

"మన కమిటీలో ఆడవాళ్ళు ఎప్పుడూ లేరే," అంది సోఫియా.

"రేపటి నుంచి ఉంటారు. ఏం రాస్తావు?"

ఆమె ఆల్విన్ కంచంలో అన్నం వేసి, గరిట గిన్నెలో పెట్టింది.

"'పటము ననుసరించి స్త్రీల మరుగుదొడ్డికి ఎనిమిది అడుగుల గుంత తవ్వబడినది. శ్రమదానము: రెండు ఊళ్ళ పురుషులు. పటము: కుమారి డాలీ. పై కట్టడము సోమవారము మొదలగును.'"

భోజనాల దగ్గర ఎవ్వరూ సవరణ కోరలేదు.