అల్లుడుగారి బార్లీ మందు

ఆ శనివారం ఉదయం చక్రపాణి వేసుకున్న పథకానికి వంక పెట్టడానికి లేదు. భార్య నాగమల్లేశ్వరి, ఆమె తండ్రి రాజారావుగారు, పక్క అపార్ట్‌మెంటు కృష్ణవేణి కలిసి కారులో తెలుగువాళ్ళ దుకాణాలుండే ఎడిసన్ వెళ్తారు. చీరలు చూస్తారు, కూరగాయలు కొంటారు, దోశలు తింటారు, సాయంత్రానికి గాని పార్సిప్పనీలోని ఇంటికి తిరిగి రారు. ఈలోగా చక్రపాణి వంటింట్లో బీరు కాచి, గిన్నెలు కడిగి, అగరొత్తులు వెలిగించి, ఏమీ ఎరగనట్టు సోఫాలో కూర్చుని ఉంటాడు.

నిజానికి చక్రపాణికి బీరంటే పెద్ద ప్రేమేమీ లేదు. ఉన్నదల్లా మేనేజర్ గ్రెగ్ అంటే భయం. గ్రెగ్ ఇంట్లోనే బీరు కాస్తాడు. సోమవారం మీటింగులో మొదటి సగం ఆ ముచ్చటే. టీమ్‌లో అందరూ నవ్వుతూ తలా ఒక మాట అంటారు. డేటాబేస్ తప్ప మరో మాట రాని చక్రపాణి మాత్రం గోడ వంక చూస్తూ కూర్చుంటాడు. అతని గ్రీన్‌కార్డు కాగితాల మీద సంతకం పెట్టవలసినవాడు ఆ గ్రెగ్గే. ఆ గ్రెగ్‌కేమో చక్రపాణి అనే పేరు ఇంతవరకు నోరు తిరగలేదు. ఒకరోజు గ్రెగ్ ఇకనుంచి డబ్బాలో దొరికే పాకంతో కాకుండా అసలు గింజలతోనే బీరు కాస్తానని చెబుతుంటే, చక్రపాణి నోట్లోంచి ఎలా వచ్చిందో గాని, "నేనూ గింజలతోనే చేస్తాను" అనే మాట వచ్చేసింది. గ్రెగ్ లేచి వచ్చి చేయి కలిపాడు.

"అక్టోబర్ చివర మా ఇంట్లో పార్టీ. నీ బీరు తేవాలి, చక్!" అన్నాడు.

ఆ రాత్రే ఇంటర్నెట్‌లో వెతికితే ధైర్యం వచ్చింది. ఇదివరకట్లా మూడు నాలుగు డ్రమ్ములు అక్కర్లేదట. ఒక పెద్ద గిన్నె, ఒక సంచి చాలునట. మొలకెత్తించి ఎండబెట్టి మర పట్టిన బార్లీని సంచిలో పోసి, వేడినీళ్ళలో గంటసేపు నానబెట్టి, టీ బ్యాగులాగా పైకి తీసెయ్యడమే. తర్వాత ఆ తీపి నీళ్ళను చేదు పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి బకెట్‌లో మూత పెడితే సరి. సరుకంతా పార్సిల్లో వచ్చింది. చక్రపాణి దాన్ని చలికోట్ల వెనక దాచాడు.

దాచక తప్పదు. రాజారావుగారు ప్రకాశం జిల్లాలో ఎక్సైజు సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగ జీవితమంతా నాటుసారా కుండలు పగలగొట్టడంలోనే గడిపారు. "గాలి ఇటు వీస్తే చాలు, రెండు ఊళ్ళ అవతల బట్టీ పెట్టినా నా ముక్కుకు తెలిసిపోయేది" అని ఆయన చెప్పని రోజు లేదు. ఎయిర్‌పోర్టు నుంచి ఆయన్ని తీసుకురావడానికి వెళ్తూ నాగమల్లేశ్వరి భర్తతో ఒకే మాట అంది. "నాన్న ఉన్నన్నాళ్ళు ఇంట్లో ఆ టాపిక్కే రాకూడదు."

ఆ శనివారం తీరా కారు ఎక్కే ముందు రాజారావుగారు నడుం పట్టుకున్నారు.

"నా వల్ల కాదమ్మా, ఈ కార్లో కూర్చుంటే నడుం పట్టేస్తోంది. మీరిద్దరూ వెళ్ళి రండి. నేను కాసేపు పడుకుంటా."

చక్రపాణి పథకం అక్కడే సగం కూలింది. అయితే మామగారు పడుకుంటే మధ్యాహ్నం భోజనం దాకా లేవరన్న సంగతి గుర్తొచ్చి, మళ్ళీ ధైర్యం తెచ్చుకున్నాడు. కృష్ణవేణి దగ్గర ఆఫీసు విందు అని చెప్పి అరువు తెచ్చిన తెలుగు అసోసియేషన్ వారి పులిహోర గుండిగ స్టవ్ మీదికెక్కించాడు. నీళ్ళు వేడెక్కాక సంచి దింపి బార్లీ పోశాడు. అంతా సవ్యంగా జరుగుతోంది. మరికాస్త వేడి ఉంటే మంచిదనిపించి మంట పెంచడమే అతను చేసిన తప్పు. నైలాన్ సంచి గుండిగ అడుగుకు అతుక్కుని కరిగింది. పైకి లాగితే అడుగు లేని సంచి చేతికొచ్చింది. బార్లీ అంతా నీళ్ళలో తేలింది.

వడగట్టాలి, అదీ వెంటనే. చక్రపాణి ఇల్లంతా వెతికాడు. జల్లెడ సరిపోదు. దిండు గలీబుల మీది పువ్వుల రంగు దిగుతుంది. ఆరేసిన బట్టల్లో తెల్లగా, పల్చగా, శుభ్రంగా కనిపించిన గుడ్డ ఒక్కటే. దాన్ని నాలుగు మడతలు పెట్టి, పెద్ద బకెట్ మీద పరిచి, బార్లీ అందులోకి ఒంపి, నాలుగు కొసలూ కూడదీసి మూట కట్టి పిండుతుండగా వెనకనుంచి గొంతు వినిపించింది.

"అల్లుడుగారూ, అది నా పంచె కాదూ?"

చక్రపాణి తిరిగి చూడలేదు. చూసే ధైర్యం లేదు. మూటలోంచి గోధుమరంగు నీళ్ళు కారుతున్నాయి. ఇల్లంతా మొలకల వాసన గుప్పుమంటోంది.

"అవునండి మామయ్యగారూ."

"అందులో ఏమిటి?"

"బార్లీ అండి."

రాజారావుగారు దగ్గరికొచ్చారు. వంగి, కళ్ళు మూసుకుని, బకెట్ మీదుగా దీర్ఘంగా ఊపిరి పీల్చారు. చక్రపాణికి తన గ్రీన్‌కార్డు, కాపురం రెండూ ఒకేసారి కళ్ళముందు తిరిగాయి. రాజారావుగారు కళ్ళు తెరిచారు. అవి చెమర్చి ఉన్నాయి.

"నా కిడ్నీలో రాయికి బార్లీ నీళ్ళు తాగమని ఒంగోలు డాక్టరు చెప్పాడని మొన్నెప్పుడో మాటవరసకి అన్నాను. మీరు గుర్తు పెట్టుకుని… సెలవు రోజు నిద్ర మానుకుని…"

"అబ్బే, అదేం లేదండి," అన్నాడు చక్రపాణి. జీవితంలో ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన గ్లాసుతో ముంచుకుని తాగారు. "చక్కెర వేశారా?"

"లేదండి. నానబెడితే ఆ తీపి దానంతట అదే వస్తుంది."

"అమృతంలా ఉందయ్యా!" అని రెండో గ్లాసు ముంచారు. మూడో గ్లాసు చేతిలో ఉండగానే కూతురికి ఫోన్ చేసి, నువ్వు కూడా తండ్రికి ఇంత సేవ చేయలేదమ్మా అని గద్గద స్వరంతో చెప్పారు. అది విని నాగమల్లేశ్వరి చీరలు వదిలేసి కారు వెనక్కి తిప్పింది. ఆమెతోపాటు కృష్ణవేణి, కృష్ణవేణి ఫోన్ చేస్తే ఆమె అత్తగారు ధనమ్మ, ధనమ్మ పిలిస్తే కింది అంతస్తులోని ఇద్దరు అత్తగార్లు వంటింట్లోకి దిగారు. అందరికీ ఏదో ఒక రాయో, రాయి ఉంటుందన్న భయమో ఉంది. తలా నాలుగైదు గ్లాసులు తాగారు. చక్రపాణి చూస్తుండగానే బకెట్ అడుగుకు దిగింది. నాగమల్లేశ్వరి కూడా ఒక గుక్క తాగి, మొగుడి వంక ఒక్క క్షణం చూసి, గ్లాసు కడిగి బోర్లించింది.

అందరూ హాల్లోకి వెళ్ళాక చక్రపాణి గ్రెగ్‌ని తలుచుకున్నాడు. బకెట్‌లో మిగిలిన దానికి మంచినీళ్ళు పోసి గీత దాకా నింపాడు. గుండిగలోకి ఒంపి, చేదు పువ్వులు వేసి మరిగించాడు. రాజారావుగారు మళ్ళీ వచ్చి రుచి చూసి మొహం చిట్లించారు.

"ఇదేంటండీ, ఇప్పుడు చేదొచ్చింది?"

"మూలికలండి."

"ఆఁ! మందన్నాక చేదుండాల్సిందే," అని ఆయన తృప్తిగా తల ఊపారు.

బకెట్‌లోకి చల్లార్చి పోసి, ఈస్టు కలిపి, మూత పెట్టి, గాలి బయటికి పోయేందుకు మూతకున్న చిన్న గొట్టంలో నీళ్ళు పోసి, చలికోట్ల అల్మారాలో పెట్టాడు. మర్నాటికి అందులోంచి బుడగలు రావడం మొదలైంది. అది దాచడం ఎవరి తరమూ కాదు. "ఊరుతోంది మామయ్యగారూ, ఊరితే గుణం ఎక్కువ" అన్నాడు చక్రపాణి. రాజారావుగారికి ఆ మాట నచ్చింది. కుర్చీ తెచ్చుకుని అల్మారా ముందు వేసుకున్నారు. పొద్దున్నే లేవగానే బుడగలు చూసేవారు. సాయంత్రం చక్రపాణి ఆఫీసు నుంచి రాగానే, "ఇవాళ కాస్త నెమ్మదించిందండీ," అనో, "మధ్యాహ్నం నుంచి హుషారుగా ఉంది," అనో కబురు చెప్పేవారు. మూత దగ్గర ముక్కు పెట్టి, "పులిసిన గంజి వాసన. చలవ చేస్తుంది," అని తేల్చేవారు. కొన్నాళ్ళకు సీసాల్లో నింపడానికి తనే గరాటు పట్టుకున్నారు. ముదురురంగు సీసాలు చూసి చక్రపాణి వివరణ వెతుక్కుంటుంటే, "మందు సీసాలు ఇలాగే ఉండాలి. వెలుతురు తగిలితే గుణం పోతుంది," అని ఆయనే సర్దిచెప్పారు.

పార్టీ రోజు రానే వచ్చింది. చక్రపాణి ఉదయం టైరు మార్పించుకుని ఇంటికొచ్చేసరికి సీసాల పెట్టె లేదు. చల్లబడాలని ఫ్రిజ్‌లో పెట్టుకున్న ఒక్క సీసా మాత్రం ఉంది. నాగమల్లేశ్వరికి ఫోన్ చేశాడు.

"పెట్టె నాన్న మీటింగ్‌కి పట్టుకొచ్చారు. తెలుగు అసోసియేషన్ సీనియర్స్ మీట్. నాన్నే చీఫ్ గెస్ట్, చెప్పాను కదా."

"టాపిక్ ఏంటి?"

"మద్యపానం, మన సంస్కృతి."

చక్రపాణి కారును ఎలా నడిపాడో అతనికే తెలియదు. కమ్యూనిటీ హాలు తలుపు తీసేసరికి లోపల పేపరు కప్పులు చేతులు మారుతున్నాయి. మామూలుగా ఆ సభలో ఒక వరుసలో ఆంధ్రా వాళ్ళు, ఇంకో వరుసలో తెలంగాణ వాళ్ళు, ఎవరితోనూ పడనివాళ్ళు తలుపు దగ్గరా కూర్చుంటారు. ఆ రోజు కుర్చీలన్నీ గుండ్రంగా తిరిగిపోయాయి. ధనమ్మ ఎప్పటిదో కోలాటం అడుగు ఎవరికో నేర్పుతోంది. అసోసియేషన్ ప్రెసిడెంటు రాధాకృష్ణ, ఎన్నికల్లో తన మీద నిలబడి ఓడినాయన భుజం మీద చేయి వేసి, "అన్నా, నువ్వే గెలవాల్సింది," అంటున్నాడు. వేదిక మీద రాజారావుగారు మైకు రెండు చేతులా పట్టుకుని, తను పట్టుకున్న సారా వ్యాపారులను పేరుపేరునా తలుచుకుంటున్నారు.

"మంచివాళ్ళండీ! నేను రెయిడుకి వెళ్తే ముందు కాళ్ళకు నీళ్ళిచ్చేవాళ్ళు. అలాంటి మర్యాద ఇప్పుడేదీ?"

జనం చప్పట్లు కొట్టారు. చక్రపాణి గోడకు చేరబడి ఉన్న భార్య దగ్గరికి పరిగెత్తాడు.

"నాగూ, కొంప మునిగింది. అది… అది బార్లీ నీళ్ళు కాదు."

"తెలుసు. పార్సిల్ మీద గ్లాసూ నురగా బొమ్మ ఉందిగా. నాకు చదువొచ్చు."

"తెలిసి ఊరుకున్నావా?"

నాగమల్లేశ్వరి వేదిక వైపు చూసింది. "వచ్చిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే, రిటర్న్ టికెట్ ప్రీపోన్ చెయ్యమ్మా, నాకిక్కడ తోచడంలేదు అనేవారు. నీ బకెట్ పెట్టాక ఒక్కసారి కూడా అడగలేదు. నేనేమనను? ఇవాళ పెట్టె మోసుకొస్తుంటే ఆపాల్సింది. అంత సంబరంగా ఉంటే నోరు రాలేదు." తర్వాత గొంతు మార్చింది. "సరే, ఇప్పుడు నువ్వెళ్ళి చెప్పు. ఎవరు ఏ మందులు వాడుతున్నారో ఏమో."

చక్రపాణి వేదిక ఎక్కి మామగారి చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"పెద్దలందరూ క్షమించాలి. ఇది కషాయం కాదు. బీరు. నేనే కాచాను. దయచేసి ఎవరూ తాగొద్దు."

కప్పులు గాల్లో ఆగిపోయాయి. అందరూ రాజారావుగారి వైపు చూశారు. ఆయన చేతిలోని కప్పును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. పెద్దగా నవ్వి మైకు లాక్కున్నారు.

"ఎంత వినయమండీ మా అల్లుడిది! మెచ్చుకుంటారని సిగ్గుపడి అబద్ధమాడుతున్నాడు. ముప్ఫై ఏళ్ళు ఎక్సైజులో చేశాను. ఇది మద్యమైతే ఈ ముక్కు కోసి ఇచ్చేస్తా!"

చప్పట్లతో హాలు మోగిపోయింది. రాధాకృష్ణ శాలువా తెచ్చి చక్రపాణి భుజాల మీద కప్పాడు. చక్రపాణి మళ్ళీ మైకు కోసం చేయి చాచాడు గాని, ఆ చేతిలో ఎవరో పుష్పగుచ్ఛం పెట్టి ఫోటో తీశారు. చివరికి నాగమల్లేశ్వరే, మందు మోతాదు మించకూడదని చెప్పి మిగిలిన సీసాలు లాక్కుని కారులో పెట్టింది. మందంటే అందరికీ భక్తి కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

సాయంత్రం గ్రెగ్ ఇంటి పెరట్లో చక్రపాణి ఆ ఒక్క సీసా పట్టుకుని, శిక్ష కోసం నిలబడ్డవాడిలా నిలబడ్డాడు. గ్రెగ్ మూత తీసి, గ్లాసులో పోసి, దీపం వెలుగులో చూసి, ఒక గుక్క తాగాడు. లోపలికెళ్ళి బీరు బలం కొలిచే గాజు గొట్టం తెచ్చి అందులో వేసి చూశాడు.

"చక్, నిజం చెప్పు. ఇందులో నీళ్ళెన్ని కలిపావు?"

చక్రపాణి ఇక దాచలేదు. గింజల గురించి మీటింగులో ఆడిన అబద్ధం, కరిగిన సంచి, పంచె, కిడ్నీలో రాయి, కోలాటం, శాలువా, ముక్కు పందెం, అన్నీ చెప్పేశాడు. చెబుతుండగా చుట్టూ టీమంతా మూగింది. గ్రెగ్ నవ్వి నవ్వి గడ్డి మీద కూలబడ్డాడు.

"మీ మామగారి ముక్కుకు తిరుగులేదు. ఇందులో మద్యం ఉందనడానికి లేదు. దగ్గుమందులో ఇంతకన్నా ఎక్కువుంటుంది. ఇది బార్లీ నీళ్ళే!"

చక్రపాణి తెల్లబోయాడు. "మరి అక్కడ అందరూ ఆ పాటలూ, ఆ కౌగిలింతలూ…"

"ఆ మత్తేదో వాళ్ళ దగ్గరే ఉండి ఉంటుంది," అన్నాడు గ్రెగ్. తర్వాత చేతులు దులుపుకుని, ఎవరూ చెప్పకుండానే అడిగాడు. "నీ పూర్తి పేరేంటి? నెమ్మదిగా చెప్పు." మూడో ప్రయత్నానికి దాదాపు సరిగ్గానే పలికాడు.

చక్రపాణి ఇంటికొచ్చేసరికి రాజారావుగారు నిద్రపోతున్నారు. నిద్రలోనూ మొహం వెలిగిపోతోంది. మద్యం లేదన్న మాట చెబితే నాగమల్లేశ్వరి గట్టిగా ఊపిరి వదిలి, నవ్వి, మిగిలిన సీసాల్లో ఒకటి తీసి ఇద్దరికీ చెరిసగం పోసింది.

మర్నాడు పొద్దున్నే రాధాకృష్ణ ఫోన్ చేశాడు. సభకు ఇంత స్పందన ఎప్పుడూ రాలేదట. వచ్చే నెలకు కూడా రాజారావుగారే ముఖ్య అతిథి అట. ఈసారి విషయం పొగాకు వ్యతిరేకత. ఆరోగ్యానికి మేలు చేసే చుట్టలు అల్లుడుగారు ఇంట్లోనే చుట్టి ఇస్తారని మామగారు అప్పటికే మాట ఇచ్చేశారు.