‘చూశాం’ బటన్‌కి దండం!

సలహాలు చెప్పే యంత్రాన్ని మించిన వరం ఆసుపత్రికి ఇంకోటి లేదు. కాదన్నవాళ్లతో నేను వాదించను. వాళ్లకి ఒంట్లో బాగాలేకుండా పోయేదాకా ఆగుతాను!

మా మేనత్త భర్త, అంటే మా మావయ్య, న్యుమోనియాతో ఐసీయూలో చేరాడు. ఆయన మంచం పక్కనే కొత్తగా పెట్టిన యంత్రం. పేషెంటు రిపోర్టులన్నీ అదే చదువుకుంటుంది, ఏం చెయ్యాలో డాక్టర్లకీ నర్సులకీ అదే చెబుతుంది. ఇంత తెలివైనది తలాపున ఉంటే ఇక భయమేమిటి చెప్పండి?

ఎంత శ్రద్ధ అనుకున్నారు! మంచం తలవైపు ఎత్తమంటుంది. ఎత్తితే ఎక్కువైందంటుంది. మావయ్య దగ్గితే ఎర్ర లైటు, దగ్గకపోతే పసుపు లైటు. పక్క మంచం ఆయన కాలు గోక్కోబోయి వైరు కదిపాడు. అంతే, గుండె ఆగిపోయిందని ఒకటే గోల! ఆయన మాత్రం గోక్కుంటూనే ఉన్నాడు పాపం, ఎవరికి సంజాయిషీ చెప్పాలో తెలియక.

సిబ్బంది దాన్ని అంగీకరించారా అని మీ సందేహం. మనసారా! ప్రతి సలహా కిందా ‘చూశాం’ అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితేగానీ యంత్రం నోరు మూయదు. మా నర్సమ్మ రెండు చేతులతో సెలైన్ మారుస్తూ మోచేత్తో నొక్కేస్తుంది. డ్యూటీ డాక్టరైతే వస్తూ వస్తూనే వరసగా అన్ని మంచాల దగ్గరా నొక్కుకుంటూ పోతాడు.

నొక్కగానే ‘మరి ఎందుకు పాటించలేదు?’ అని నిలదీస్తుంది. తెరమీద అది చూపించే కారణాల్లో అన్నిటికంటే పైనున్నది ‘పేషెంటు గర్భవతి’. కిందిదాకా వెతికే తీరిక ఎవరికుంది? ఆ విధంగా డెబ్భై దాటిన మా మావయ్య, గుబురు మీసాలతో సహా, పూటకి పదిసార్లు గర్భవతి అయ్యాడు. యంత్రం కూడా మారుమాట్లాడకుండా నమ్మింది!

ఆ నొక్కుళ్లన్నీ కలిపి చూసుకుని మేనేజ్‌మెంటువారు మురిసిపోయారు. ‘మా సిబ్బంది కొత్త టెక్నాలజీని నూటికి నూరుపాళ్లూ అంగీకరించారు’ అని గోడకి బోర్డు కూడా తగిలించారు.

అంతా హాయిగా సాగుతుంటే మా మేనత్త వచ్చి చెడగొట్టింది. ఆవిడ మంచం పక్కన నిలబడిందో లేదో, యంత్రం అరిచింది. నర్సమ్మ మోచెయ్యి లేచింది. అత్త ఆ మోచెయ్యి పట్టుకుంది.

“ఏమంటోందో ఒక్కసారి చదవమ్మా.”

“అదెప్పుడూ అంతేనండీ, అరుస్తూనే ఉంటుంది.”

“నేనూ అంతేనమ్మా. దగ్గు తగ్గట్లేదు, డాక్టరుకి చూపించుకోండని నెల్లాళ్లు అరిచాను. ఈయన వినలేదు కాబట్టే ఇక్కడున్నాడు. చదువు.”

నర్సమ్మ చదివింది. మొహం పాలిపోయింది. కిడ్నీలు దెబ్బతింటున్నాయి, ఎక్కిస్తున్న మందు ఆపి వెంటనే డాక్టర్ని పిలవండి అని ఉంది. పొద్దుట్నుంచీ అదే చెబుతోందట. పొద్దుట్నుంచీ అందరూ ‘చూశాం’!

మందు ఆపారు. డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. మావయ్య గట్టెక్కాడు.

నర్సమ్మ ఏడ్చేసింది. “కాలు దురదకీ అదే మోత, కిడ్నీ పోతున్నా అదే మోత! ఏది వినాలండీ మేము? కొనేముందు మమ్మల్ని ఒక్క మాట అడిగితేగా!”

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. తిన్నగా డైరెక్టరుగారి గదికి వెళ్లాను. చల్లటి గది. అక్కడ ఏదీ అరవదు. అనవసరపు మోతలు తీయించండి, వాడేవాళ్లని కూర్చోబెట్టి అడగండి, ఆ గర్భవతిని కాస్త కిందికి దించండి అని మొత్తుకున్నాను. ఆయన ఓపిగ్గా, చిరునవ్వు చెదరకుండా విన్నాడు.

“మంచి సలహాలండీ. చూస్తాం,” అన్నాడు.

నర్సమ్మకైనా చేతినిండా పని ఉంది. ఈయన రెండు చేతులూ టేబుల్ మీద ఖాళీగానే ఉన్నాయి.