విడిభాగాల ఎమ్మెల్యే

"ఇక నుంచి నేను నా నియోజకవర్గంలోని ప్రతి ఊళ్లోనూ ఏకకాలంలో ఉంటాను" అని ఎమ్మెల్యే మాలకొండయ్య గారు నెల్లూరు హోటల్లో ప్రెస్ మీట్ పెట్టి ప్రకటించారు. అంతకు ముందు ఆ సౌకర్యం దేవుడొక్కడికే ఉండేది. దాన్ని ఎమ్మెల్యే స్థాయికి తెచ్చిన ఘనత ఆయన పీఏ హరినాథ్‌ది.

హరినాథ్‌ది వెంకటాచలం దగ్గర వరి పండించే కుటుంబం. ఇంజనీరింగ్ ఎలాగో గట్టెక్కాడు. తనకు తెలివితేటలున్నాయని అతనికి గట్టి నమ్మకం. ఆ సంగతి నలుగురికీ తెలియజేసే పని కూడా పాపం తనే చూసుకోవాల్సి వచ్చేది. చెన్నైలో ఏదో ఎగ్జిబిషన్‌కు వెళ్లి, ఈ రోబోను చూసి, ఇక ఎమ్మెల్యే గారిని నిద్రపోనివ్వలేదు.

చూడ్డానికి నిలువెత్తు కడ్డీ. కింద చక్రాలు, పైన తెర. ఎక్కడో ఏసీ గదిలో కూర్చున్న పెద్దమనిషి ముఖం ఆ తెర మీద కనబడుతుంది, మాట వినబడుతుంది. గొప్పదనమంతా మాడ్యులర్ డిజైన్‌లో ఉందని హరినాథ్ విలేకరులకు వివరించాడు. ఏ భాగానికా భాగం విడిగా కొనుక్కోవచ్చట. ఏదైనా పాడైతే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చట. నిధులు చాలక మొదటి విడతలో చక్రాలు, బ్యాటరీ, ముఖం, నోరు మాత్రం తెప్పించారు. చెవులు, కళ్లు రెండో విడతలో వస్తాయి.

మరి జనం చెప్పేది ఎలా వింటారని ఒక విలేకరి అడిగాడు.

"మాట్లాడ్డం అర్జెంటు. వినడం దశలవారీగా చేపడతాం" అన్నారు ఎమ్మెల్యే గారు. ఆ జవాబు కూడా హరినాథ్ రాసిచ్చిందే. చప్పట్లు కొట్టింది కూడా ముందుగా అతనే.

రోబోను తొలిసారిగా నడిమికుప్పానికి తీసుకెళ్లారు. సముద్రానికీ ఉప్పునీటి కయ్యకూ మధ్య ఉన్న జాలర్ల ఊరది. సముద్రపు నీళ్లు కయ్యలోకి వచ్చే ముఖద్వారం ఇసుక మేటేసి మూసుకుపోయింది. నీళ్లు రాకపోతే రొయ్య రాదు. రొయ్య రాకపోతే ఊరు గూడూరు స్టేషన్లో రైలెక్కి చెన్నైకి కూలికి పోవాల్సిందే. ఎమ్మెల్యే ఒక్కసారి వచ్చి కళ్లారా చూసి, పై అధికారులకు గట్టిగా చెబితే ఇసుక తవ్వే మిషన్లు వస్తాయని వాళ్ల ఆశ. అన్న వస్తాడని, కయ్యలోకి నీళ్లొస్తాయని మాటిచ్చిన మహానుభావుడు హరినాథే. ఒకసారి కాదు, వెళ్లినప్పుడల్లా ఇచ్చాడు. ఎమ్మెల్యే గారేమో రోడ్డు బాగాలేదని ఆగిపోయారు. ఆ రోడ్డు వేయాల్సింది తనేనన్న సంగతి ఆయనకు ఎవరూ గుర్తుచేయలేదు.

రోబో వ్యాను దిగి రెండడుగులు నడిచి ఇసుకలో కూరుకుపోయింది. నలుగురు కుర్రాళ్లు రెండు తెడ్ల మీద దాన్ని మోసుకొచ్చారు. కాసేపటికి బ్యాటరీ అయిపోయింది. ఊరికి పెద్ద, అంటే కాపు, అయిన గంగులయ్య తన పడవ బ్యాటరీ తెప్పించి తగిలించాడు. సిగ్నల్ అందనప్పుడల్లా తెర మీద ముఖం బిగుసుకుపోయేది. అప్పుడు మిగిలిన వాక్యాన్ని హరినాథ్ పూర్తి చేసేవాడు. ఎమ్మెల్యే గారు ఎప్పుడూ ఒకే వాక్యం మాట్లాడతారు గనక ఇబ్బంది రాలేదు. ఇక జనం గోడు వింటున్నది హరినాథే. ఏ భాగం పనిచేయకపోయినా దాని చోట ఒక మనిషిని బిగించవచ్చని రుజువైంది. మాడ్యులర్ డిజైన్ ఇంత గొప్పదని దాన్ని తయారుచేసిన వాళ్లకైనా తెలుసో లేదోనని అతను లోలోపల పొంగిపోయాడు.

"నేను మీ ఊరివాణ్నే. నా ఇల్లు కూడా ఇక్కడే అనుకోండి" అన్నది తెర. వాక్యం పూర్తిగా వచ్చింది.

చేపలమ్మే గురవమ్మ తెర దగ్గరికి వెళ్లి, పిల్లలు ఇప్పుడు తింటున్నది ఏమిటో చాలాసేపు చెప్పింది. తెర నవ్వుతూనే ఉంది. ఆమె వెనక్కి తిరిగి హరినాథ్ వంక చూసింది. అతను తల దించుకుని రిమోట్ బటన్లు తుడుచుకున్నాడు. తెలివైనవాడికి ఇలాంటప్పుడు ఏదో ఒక మాట తట్టాలి.

మిషన్లు రావని తేలిపోయాక గంగులయ్య దురాయి వేశాడు. దురాయి అంటే ఆ ఊళ్లలో కాపు వేసే కట్టుబాటు. దానికి కోర్టులో స్టే దొరకదు. ఇంటికొక మనిషి పార పట్టి ముఖద్వారం దగ్గరికి రావాలి, కాలవ తవ్వాలి. ఒక్కొక్కరి పేరూ పిలుస్తూ పోయి చివర్లో హరినాథ్ దగ్గర ఆగాడు.

"ఎమ్మెల్యే గారింటి నుంచి ఎవరొస్తారు అబ్బయా?"

హరినాథ్ అది మాటవరసకు అన్నదని నచ్చజెప్పబోయాడు.

"ఇల్లు ఇక్కడే ఉండాదని అందరం విన్నాం గదా. దురాయి ముందర పెద్దిల్లు, చిన్నిల్లు అని లేదు" అన్నాడు గంగులయ్య నెమ్మదిగా.

హరినాథ్ ఎమ్మెల్యే గారికి ఫోన్ చేశాడు. ఆయన పెద్ద మనసుతో వెంటనే ఒప్పుకున్నారు. తన తరఫున హరినాథ్‌ను తవ్వమన్నారు. రోబోకు చేతులు ఏ విడతలో వస్తాయో ఎవరూ రాయలేదు. అవి ముందే బిగించి ఉన్నాయని ఇప్పుడు తేలింది.

తవ్వకం రోజుల తరబడి సాగింది. గట్టు మీద తెర ప్రసంగిస్తుంటే హరినాథ్ మోకాటి లోతు బురదలో పార పట్టాడు. తాత ముత్తాతలు మడిలో చేసిన పనే కదా, ఇంత చదివింది ఇందుకేనా అని తనలో తనే నవ్వుకున్నాడు. చేతులు బొబ్బలెక్కాయి. గురవమ్మ గుడ్డపీలిక చించి కట్టింది. పార్టీ సోషల్ మీడియా చూసే పెంచలకృష్ణ గట్టున నిలబడి ఫొటోలు తీశాడు. చివరికి ఒక పొద్దున పోటు వచ్చి, సముద్రం ఆ సన్నటి కాలవలోకి దూరి, ఇసుకను కోసుకుంటూ కయ్యలోకి పరుగెత్తింది. ఊరు ఊరంతా నీళ్ల వెంట పరుగెత్తింది. హరినాథ్ బురదలో అలాగే నిలబడి ఏడ్చాడు. ఎన్నో ఏళ్లుగా అతను ఇచ్చిన మాటల్లో నెరవేరింది ఇదొక్కటే. గట్టు మీద తెర ఇంకా మాట్లాడుతూనే ఉంది.

మొదటి వేటలో పడ్డ రొయ్యల్ని తవ్విన ఇళ్లన్నిటికీ సమంగా పాలు వేశారు. ఎమ్మెల్యే గారింటికీ ఒక పాలు వచ్చింది. ఆ సంగతి చెప్పగానే ఆయన టైగర్ రొయ్యేనా అని అడిగి మరీ కారు పంపారు. ఇన్నాళ్లూ రోడ్డు బాగాలేక రాలేకపోయిన ఆ కారు, ఐసు పెట్టెతో సహా వచ్చి తిరిగి వెళ్లింది. హరినాథ్ బస్సులో ఇంటికొచ్చాడు.

మర్నాడు పొద్దున పేపరు తెరిస్తే, మొదటి పేజీలోనే 'పార పట్టిన ప్రజాప్రతినిధి'. మోకాటి లోతు బురదలో, చేతిలో పారతో, చిరునవ్వుతో మాలకొండయ్య గారు. హరినాథ్ పేపరును వెలుతురుకు పట్టుకుని మెడ దగ్గర ఎక్కడ అతికారో వెతికాడు. కనబడలేదు. పెంచలకృష్ణ పనితనాన్ని మెచ్చుకున్నాడు. మెడ కింద నుంచి మొత్తం తనే మొదటి పేజీకెక్కినందుకు కొంచెం గర్వపడ్డాడు కూడా. ఆపుకోలేక భార్య భానుప్రియను పిలిచి చూపించాడు.

ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుని పేపరు అందుకుంది.

"ఈ చేతులు మీవే గదా. కట్టు కూడా ఉండాది. చొక్కా మీదే, బురద వదల్లేదని నిన్న పక్కన పడేసినా" అంది.

"కనిపెట్టినావే" అన్నాడు హరినాథ్, పొంగిపోతూ.

ఆమె ఫొటో వంక ఒకసారి, మొగుడి వంక ఒకసారి చూసింది. ఆమె ముఖంలో ఎగతాళి ఏమీ లేదు.

"మరి మీ తలకాయేదండీ?" అని అడిగింది.

హరినాథ్ చెయ్యెత్తి భుజాల పైన తడిమి చూసుకున్నాడు.