నీళ్లలో తేలే ఆర్గనైజర్

డాలీగంజ్ తీరాంధ్ర హితవర్ధక సంఘం ఇంతవరకు మూడు మహత్తర కార్యాలు చేసింది. మొదటిది సంఘం పెట్టడం. రెండోది దానికి ప్లాస్టిక్ కుర్చీలు కొనడం. మూడోది, వైద్య విద్యార్థిని కుమారి లహరికి తగిన డిజిటల్ ఆర్గనైజర్‌ను ఎంపిక చేయడం. మొదటి రెండింటి వల్ల ఎవరికీ నష్టం కలగలేదు.

లహరి అదే దీవిలో, గరాచర్మలో కిరాణా కొట్టు నడిపే గణేశ్వరరావు కూతురు. వైద్యంలో మూడో సంవత్సరం. వార్డుల్లో ఫోన్లు నిషేధం కాబట్టి ప్రతి విద్యార్థీ సిమ్ లేని చేతి ఆర్గనైజర్ ఒకటి కొనుక్కోవాలని, ముప్పై రోజుల్లో నలభై మంది రోగుల వివరాలు అందులో ఎక్కించాలని, ఎక్కించనివారిని పరీక్షకు కూర్చోనివ్వబోమని కాలేజీలో మెడిసిన్ విభాగం వారు నోటీసు అంటించారు. కాగితం మీద రాసినవి చెల్లవు. తేదీ, సమయం యంత్రమే వేసుకుంటుంది కాబట్టి నిన్నటి రోగిని ఇవాళ ఎక్కించడం కుదరదు.

కొట్లో పెరిగిన పిల్లకు సరుకు ఎంచడం ఒకరు నేర్పక్కర్లేదు. ఆమెకు కావలసినవి మూడే. తెల్లకోటు జేబులో పట్టాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఛార్జి నిలవాలి. నెట్ లేకపోయినా మందుల మోతాదు చూపాలి. అలాంటిది బజార్లో ఒక దుకాణంలో ఉంది. అరచేయంత, బూడిదరంగు. బస్సెక్కి వెళ్లి తెచ్చుకుంటే ఒక పూట పని. మిగిలిన రోజులన్నీ రోగులకు. రోజుకు ఇద్దరు చొప్పున చూసినా నలభై దాటుతుంది. ఇంత చిన్న లెక్కలో తప్పు రావడానికి వీలు లేదని ఆమె అనుకుంది. సంఘాన్ని అందులో కలపలేదు.

"సంఘంలో ఒక మాట ఎయ్యకుండా ఎలగ కొంటామే?" అన్నాడు గణేశ్వరరావు. "రేపు మనింట్లో ఏదన్నా కార్యమైతే ఒక్కడు గుమ్మం తొక్కడు."

ఇది ఆచారం. సముద్రం దాటి వచ్చిన వస్తువు పాడైతే బాగుచేయించడానికి మళ్లీ సముద్రం దాటించాలి. అందుకని పదిమందీ చూసి ఒప్పుకున్నాకే కొనాలని పెద్దలు నియమం పెట్టుకున్నారు. పెద్దలు కొన్నవి పడవ ఇంజన్లు, వలలు. వాటి గురించి వాళ్లకు తెలుసు. తెలియడం అన్న షరతు కాలక్రమంలో రాలిపోయి, నియమం ఒక్కటే మిగిలింది.

సంఘమే కొని బహూకరించాలని తీర్మానమై, వెంటనే అయిదుగురితో ఎంపిక కమిటీ ఏర్పడింది. వాళ్లలో ఎవరూ ఎన్నడూ ఆర్గనైజర్ పట్టుకోలేదు. వాడినవాళ్లకు పక్షపాతం ఉంటుందని అధ్యక్షుడు యుగంధర్, ఓడరేవు గోదాములో పనిచేసి రిటైరైనవాడు, సకారణంగా వివరించాడు. లహరి తన మూడు అవసరాలూ రాసిన కాగితం బల్ల మీద పెట్టింది. దాని మీద టీ గ్లాసులు పెట్టి కమిటీ చర్చ ప్రారంభించింది.

"బేటా, ఇది నీళ్లలో పడితే తేలుద్దా?" అని అడిగాడు అప్పలరాముడు. ఆయనకు వండూర్‌లో రెండు పడవలున్నాయి.

"వార్డులో నీళ్లెక్కడివి బాబాయ్?"

"వార్డు యాడుంది? దీవిలో. దీవి సుట్టూతా ఏటుంది?"

తేలవలెను అని తీర్మానం రాసుకున్నారు.

తర్వాత పరిమాణం చర్చకు వచ్చింది. "జేబులో పట్టేదా?" అన్నాడు యుగంధర్, ఎవరో తనను చిన్నబుచ్చినట్టు. "జేబులో దూరిపోతే సంఘం ఇచ్చిందని ఎవుడికి తెలుస్తాది? చూడగానే పక్కా తెలియాల."

"రెండు చేతులూ ఖాళీగా ఉంటేనే గదా పెద్దనాన్నా, పొట్ట నొక్కి చూసేది."

"పొట్ట నొక్కడానికి నర్సు దీదీలు లేరా?"

లహరి తండ్రి వైపు చూసింది. ఆయన కుర్చీ కింద చెప్పులు సర్దుకుంటున్నాడు.

ఎంపికకు తొమ్మిది రోజులు పట్టింది. చివరికి భోజనం కంచమంత ఆర్గనైజర్ ఒకటి ఏకగ్రీవంగా నెగ్గింది. బజార్లో దొరికేది చవకబారుదని, మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిందే వస్తువని అందరూ ఒప్పుకున్నారు. అది చెన్నైలో ఓడ ఎక్కింది. ఓడ బయలుదేరే తేదీ రెండుసార్లు మారింది. మరో ఏడు రోజులు. సరుకు దిగాక అప్పలరాముడు దాన్ని వండూర్ తీసుకెళ్లి, పడవల్లో వాడే లైఫ్ జాకెట్లు కుట్టే మనిషి చేత నారింజరంగు ఫోమ్ తొడుగు వేయించాడు. బకెట్లో వేసి చూశారు. తేలింది. కమిటీ చప్పట్లు కొట్టింది.

ఈ పదహారు రోజులూ లహరి ఊరుకోలేదు. మందుల పెట్టెల అట్టల వెనక రోగుల వివరాలు రాసుకుంది. ముప్పై ఆరు మంది. ఆ అట్టలు చూసి విభాగం పెద్ద డాక్టరుగారు శాంతంగా అన్నారు, "అట్ట మీద రాస్తే రోగిని చూసినట్టు కాదమ్మా."

వస్తువు ఊళ్లోనే ఉంది గదా, ఇచ్చేయండి అని ఆమె అధ్యక్షుడి ఇంటికి వెళ్లి అడిగింది. సభ పెట్టకుండా చేతికిస్తే అది బహూకరణ కాదు, పంపకం అవుతుందని ఆయన బాధపడ్డాడు. ముఖ్య అతిథికి ఖాళీ దొరకడానికి ఎనిమిది రోజులు పట్టింది. అన్నాళ్లూ లహరి దగ్గర అట్టలే పెరిగాయి.

సభ ఘనంగా జరిగింది. ఆర్గనైజర్‌కు దండ వేశారు, బొట్టు పెట్టారు. బొట్టు కెమెరా అద్దం మీద పడింది. యుగంధర్ మాట్లాడాడు. "ఒకప్పుడు మన తాతలు ఈ దీవులకు వల పట్టుకొని వచ్చారు. ఇవాళ మన బిడ్డ ఇది పట్టుకొని వార్డులోకి నడుస్తుంది. వల ఎంత పెద్దదైతే చేప అంత పెద్దది. యంత్రం ఎంత పెద్దదైతే వైద్యం అంత పెద్దది." ఈ వాక్యానికి లేచి నిలబడి చప్పట్లు కొట్టినవారిలో గణేశ్వరరావు కూడా ఉన్నాడు. ఆయన కళ్లు చెమర్చాయని చూసినవాళ్లు చెప్పారు.

మిగిలినవి ఆరు రోజులు.

వార్డులో మొదటి ఉదయమే ఆ వస్తువు పెట్టడానికి చోటు లేదని తేలింది. చంకలో పెడితే స్టెతస్కోపు అందదు. మంచం మీద పెడితే రోగి దాని మీద అరటిపండు తొక్కలు పెడతాడు. ఒక ముసలాయన దాన్ని చూసి, "బేటీ, ఓడ మునుగుతోందా?" అని అడిగాడు. సిస్టర్ బేబీరాణి జాలిపడి దాన్ని మందుల ట్రాలీ కింద అరలో పెట్టుకోనిచ్చింది. రాయాలనుకున్న ప్రతిసారీ ట్రాలీ వార్డుకు ఆ చివర ఉండేది.

ఈ ఇబ్బంది విని సంఘం ఉదారంగా స్పందించింది. ఆర్గనైజర్ మార్చే ప్రసక్తి లేదు కాబట్టి తెల్లకోటే మార్చాలని నిర్ణయించి, పొట్ట మీద సంచీలాంటి జేబు కుట్టించి పంపింది. ఆ కోటుతో విభాగం వారు లోపలికి రానివ్వలేదు. ఒక రోజు అలా పోయింది.

ముప్పయ్యో రోజు సాయంత్రానికి లహరి లెక్క వేసుకుంది. అట్టల మీద రాసినవాళ్లతో కలిపి రోగులు డెబ్బై దాటారు. యంత్రంలో ఎక్కినవారు పందొమ్మిది మంది. బజార్లో ఆ బూడిదరంగుది కొనుక్కున్న సహ విద్యార్థులు యాభైకి పైగా ఎక్కించారు. పరీక్షకు కూర్చునేవాళ్ల జాబితాలో ఆమె పేరు లేదు. పరీక్ష ఆరునెలలు వెనక్కి పోయింది.

వార్త తెలిసి సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఆర్గనైజర్‌ను తెప్పించి నాలుగు వైపులా తిప్పి చూశారు. గీత పడలేదు. మళ్లీ బకెట్లో వేశారు. మళ్లీ తేలింది. వస్తువులో లోపం లేదని కమిటీ ధ్రువీకరించింది.

"ఇంత మంచి చీజ్, ఇలాటి వస్తువు చేతికిచ్చినా చదువుకోకపోతే మనమేటి చేస్తాం?" అన్నాడు అప్పలరాముడు. ఆ మాట రెండు రోజుల్లో గరాచర్మ చేరింది, కొట్లో ఉల్లిపాయలు కొనేవాళ్లు కూడా అన్నారు. లహరి తూచి ఇచ్చింది, ఎవరికీ తక్కువ వేయలేదు.

ఆ నెలలోనే, వచ్చే ఏడాది బహూకరణలకు తమ పిల్లల పేర్లు ఇవ్వవలసిందిగా సంఘం కోరింది. మొత్తం పదకొండు దరఖాస్తులు వచ్చాయి. అన్నిటికంటే ముందు అందినది గణేశ్వరరావుది, పదో తరగతి చదువుతున్న రెండో కూతురు సుష్మ కోసం. కోరుతున్న వస్తువు వివరాలు అన్న చోట ఆయన గుండ్రటి అక్షరాలతో రాశాడు: "అక్కకి ఇచ్చినదానికంటే కొంచెం పెద్దది."